ఎండ ఆస్టినాబాద్‌ది, ఆదా ఢిల్లీది

ఇంటి కప్పు మీద సౌర ఫలకాలు అమర్చుకుంటే కరెంటు బిల్లు ఎంత తగ్గుతుందన్న ప్రశ్నకు దేశంలో చాలాచోట్ల ఒకే తరహా సమాధానం లభిస్తుంది. బంగాళాఖాతం దాటి అండమాన్ దీవులకు వెళ్ళేసరికి ఆ లెక్క తలక్రిందులవుతుంది. పోర్ట్ బ్లేర్‌కు (2024 సెప్టెంబరు నుంచి దాని పేరు శ్రీ విజయపురం) శివారు అయిన ఆస్టినాబాద్ నుంచి ఒక తెలుగు పాఠకుడు ఇటీవల ఈ ప్రశ్నే వేశారు. తండ్రి కాలంలో శ్రీకాకుళం జిల్లా నుంచి ఓడెక్కి వెళ్ళిన కుటుంబం వారిది. "ఊళ్ళో మా బావమరిది ఇంటి మీద పెట్టించుకున్నాడు, లాభంగానే వుందంటున్నాడు. ఇక్కడ మేము పెట్టించుకుంటే మాకేమిటి లాభం?" అని ఆయన అడిగారు. లాభం లేకపోలేదు. అయితే అందులో సింహభాగం ఆయన చేతికి రాదు. ఆ భాగం ఎవరి ఖాతాలో జమ అవుతున్నదో చెప్పడానికే ఈ వారం ఈ లేఖ.

ముందుగా పథకం సంగతి. ప్రధానమంత్రి సూర్య ఘర్ ఉచిత విద్యుత్ పథకాన్ని 2024 ఫిబ్రవరి 13న ప్రధాని నరేంద్ర మోదీ ప్రకటించారు. అదే నెల 29న కేంద్ర మంత్రివర్గం 75,021 కోట్ల రూపాయల వ్యయానికి ఆమోదముద్ర వేసింది. లోక్‌సభ ఎన్నికలు వాకిట నిలిచి వున్న రోజులవి. కోటి ఇళ్ళు లక్ష్యం, 2026-27 గడువు. మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు 30,000 రూపాయల చొప్పున, మూడవ కిలోవాటుకు 18,000 రూపాయలు, మొత్తం మీద 78,000 రూపాయలకు మించకుండా సబ్సిడీ. ఈశాన్య రాష్ట్రాలకు, కొండ రాష్ట్రాలకు, ద్వీపాలకు దీనిపై మరో పది శాతం కలిపారు. కనుక అండమాన్‌లో కిలోవాటుకు 33,000, మూడు కిలోవాట్లకు 85,800 రూపాయలు. సముద్రం దాటించినందుకు ఢిల్లీ ఇచ్చే అదనపు భత్యం 7,800 రూపాయలన్నమాట.

ఒకప్పుడు పరిస్థితి ఇలా లేదు. 2015 చివర మంజూరైన కార్యక్రమంలో సాధారణ రాష్ట్రాలకు 30 శాతం సాయం ఇస్తే, అండమాన్, లక్షద్వీప్‌లకు, ఇతర ప్రత్యేక ప్రాంతాలకు 70 శాతం ఇచ్చేవారు. ద్వీపాలలో విద్యుత్తు ఎంత ఖరీదైనదో ఆనాటి అధికారులకు జ్ఞాపకం వున్నది. నేడు ఆ అంతరం పది శాతానికి కుదించుకుపోయింది. ఎందుకు అన్న ప్రశ్న పార్లమెంటులో గట్టిగా వినిపించకపోవడం ఆశ్చర్యం కాదు. ఆ దీవులన్నిటికీ కలిపి లోక్‌సభలో వున్నది ఒకే ఒక్క స్థానం. శాసనసభ లేదు. రాజ్యసభలో ప్రాతినిధ్యం లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ 3,80,581 మందిలో నూటికి పదమూడు మందికి పైగా మాతృభాష తెలుగు. బెంగాలీ, తమిళం, హిందీలతోపాటు అక్కడ ప్రధానంగా వినిపించే భాషలలో మనదొకటి. అయినా విశాఖ రేవు నుంచి ఓడ కదిలాక వారి గోడు మన పత్రికలకు వినిపించదు.

ఇక అక్కడ కరెంటు పుట్టే తీరు చూద్దాం. ప్రధాన భూభాగపు విద్యుత్ వలయంతో ఈ దీవులకు సంబంధం లేదు. మిగులు వున్న రాష్ట్రం నుంచి కొని తెచ్చుకునే వీలు లేదు. ఏ దీవికి ఆ దీవి సొంతంగా వండుకోవలసిందే. ఆ వంటకు కట్టెలు డీజిల్. ఉత్తర అండమాన్‌లో కల్పోంగ్ నది మీద 5.25 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం ఒక్కటి వున్నది. పోర్ట్ బ్లేర్‌కు ఎదురుగా వున్న బాంబూ ఫ్లాట్‌లో హైదరాబాద్‌కు చెందిన ఒక కంపెనీ 2003లో 20 మెగావాట్ల కేంద్రాన్ని నెలకొల్పింది. ఆ కంపెనీ పేరు సూర్యచక్ర, వాడిన ఇంధనం డీజిల్. ధర విషయంలో కంపెనీకి, విద్యుత్ శాఖకు నడిచిన వివాదం సుప్రీంకోర్టు దాకా వచ్చింది. ఆ దీవులలో సూర్యుడు చాలాకాలం పేరులోనే వున్నాడనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

నిజమైన సూర్యుడు తరువాత వచ్చాడు. 2013 నాటికి గారచర్మలో ఎన్.టి.పి.సి. వారి 5 మెగావాట్ల కేంద్రం, 2020లో అట్టంపహాడ్, డాలీగంజ్‌లలో నైవేలీ లిగ్నైట్ సంస్థ వారి 20 మెగావాట్ల కేంద్రం, దానికి తోడు 8 మెగావాట్ అవర్ల బ్యాటరీ నిల్వ ఏర్పడ్డాయి. ఎండ అక్కడ పనికి వస్తుందా అన్న సందేహం వీటితో తీరిపోయింది. మిగిలిన ప్రశ్న ఎవరి డబ్బుతో, ఎవరి కప్పు మీద అన్నదే.

లెక్క వేసి చూద్దాం. డీజిల్ ఇంజను లీటరుకు మూడున్నర, మహా అయితే నాలుగు యూనిట్లు ఇస్తుంది. లీటరు ధర 75 రూపాయలనే అనుకున్నా, కేవలం ఇంధనానికే యూనిట్‌కు ఇరవై రూపాయలు దాటుతుంది. యంత్రం అరుగుదల, సిబ్బంది జీతాలు, తీగలలో నష్టం వేరే. ఇంటి వినియోగదారుడు కట్టేది ఇందులో చిన్న భాగం. తొలి నూరు యూనిట్లకు మరీ తక్కువ, వాడకం పెరిగిన కొద్దీ పై శ్లాబులలో ఎక్కువ. మిగిలినదంతా ప్రభుత్వ ఖజానా భరిస్తున్నది. శాసనసభ లేని కేంద్రపాలిత ప్రాంతం గనుక ఆ ఖజానా ఢిల్లీ ఖజానాయే.

ఆస్టినాబాద్‌లో ఒక గృహస్థు మూడు కిలోవాట్ల ఫలకాలు పెట్టించాడనుకుందాం. మే నుంచి డిసెంబరు దాకా రెండు ఋతుపవనాలూ తడిపే ప్రదేశం గనుక, కిలోవాటుకు రోజుకు సగటున మూడు యూనిట్లకు మించి ఆశించవద్దు. ఏడాదికి 3,300 యూనిట్లు. ఆయన కట్టే ధర సగటున అయిదు రూపాయలనుకుంటే ఏటా 16,500 రూపాయల బిల్లు తగ్గుతుంది. అమరికకు రెండు లక్షలయితే, సబ్సిడీ పోగా ఆయన చేతినుంచి పడేది 1,14,200. అది తిరిగి రావడానికి దాదాపు ఏడేళ్ళు.

ఇప్పుడు అదే ఇంటిని ఢిల్లీ వైపు నుంచి చూడండి. ఆ 3,300 యూనిట్లకు తగలబడవలసిన డీజిల్ సుమారు 900 లీటర్లు, అంటే 67,500 రూపాయలు. గృహస్థు కట్టకుండా పోయే 16,500 తీసివేసినా, ఖజానాకు ఏటా 51,000 రూపాయలు మిగులు. ఇచ్చిన సబ్సిడీ 85,800 రెండేళ్ళు తిరగకముందే వెనక్కు వస్తుంది. ఫలకాలు పాతికేళ్ళు పనిచేస్తాయి. ఎండలో మేఘం అడ్డుపడినప్పుడు ఇంజన్లు సిద్ధంగా తిరుగుతూ వుండాలి, తక్కువ భారం మీద అవి ఎక్కువ ఇంధనం తాగుతాయి అన్న ఇంజనీర్ల మాటను మన్నించి, డీజిల్ ఆదాను సగానికి సగం కొట్టివేసినా, ఖజానా పెట్టుబడి అయిదేళ్ళలో తీరిపోతుంది. గృహస్థుకు ఏడేళ్ళు, అప్పు తెచ్చి పెట్టినవాడికి వడ్డీ అదనం. సొమ్మొకడిది, సోకొకడిది అంటే ఇదే.

పేద ఇంటి సంగతి మరీ విడ్డూరం. నెలకు తొంభై యూనిట్లు వాడే కుటుంబం అట్టడుగు శ్లాబులో వుంటుంది. యూనిట్ రెండున్నర రూపాయలనుకుంటే, ఒక కిలోవాటు పెట్టించినా ఏడాదికి మిగిలేది 2,700 రూపాయల చిల్లర. సబ్సిడీ పోగా 37,000 పెట్టినా పెట్టుబడి తీరడానికి పదమూడేళ్ళ పైమాటే. ఏ బుద్ధిమంతుడు పెడతాడు? అయితే ఖజానా ఎక్కువగా నష్టపోతున్నది సరిగ్గా ఆ ఇంటి మీదనే. ఎవరి కప్పు మీద ఫలకం పడితే ప్రభుత్వానికి అత్యధిక లాభమో, వారికే పెట్టించుకోవడానికి కారణం అతి తక్కువ. ధర తక్కువగా వుంచడం తప్పని నేననను. అయిదు వందల ఇళ్ళ దీవిలో డీజిల్ ఖరీదుకు కరెంటు అమ్మితే దీపం పెట్టుకునేవాడు వుండడు. తక్కువ ధర ఇస్తూనే, ఆ ధర కారణంగా సౌరశక్తి చేరలేని ఇంటికి వేరే దారి చూపకపోవడమే నా అభ్యంతరం.

ఇంత సులువైన లెక్క రాజధానిలో ఎవరికీ తట్టలేదా? తట్టకపోవడానికి ఒక కారణం వున్నది. సబ్సిడీ ఇచ్చేది నూతన, పునరుత్పాదక ఇంధన శాఖ. దాని బడ్జెట్టు వేరు, ఎన్ని ఇళ్ళు పూర్తయ్యాయన్న దాని పట్టిక వేరు. 2025 మార్చిలో పది లక్షల ఇళ్ళు దాటాయని ఆ శాఖ సగర్వంగా ప్రకటించింది. గుజరాత్‌లో ఒక ఇల్లయినా, ఆస్టినాబాద్‌లో ఒక ఇల్లయినా ఆ పట్టికలో అంకె ఒక్కటే. డీజిల్ నష్టం కనిపించేది మరొక చోట, హోం శాఖ పర్యవేక్షణలోని కేంద్రపాలిత ప్రాంతపు పద్దులో. ఆదా ఒక శాఖకు, ఖర్చు మరొక శాఖకు. ఒకరి పొదుపు కోసం మరొకరు తమ పద్దు పెంచుకుంటారని ఆశించడం ఢిల్లీ తెలిసినవారు చేయరు. ఆర్థిక శాఖ ఈ రెండు పుస్తకాలనూ ఒకే బల్ల మీద పరిస్తే తప్ప ఇది తేలదు.

రాజధాని నగరపు వైపరీత్యం కూడా చెప్పాలి. 2025లో ఢిల్లీ ప్రభుత్వం కేంద్ర సబ్సిడీ మీద మరో 30,000 రూపాయలు కలిపి మూడు కిలోవాట్లకు 1,08,000 రూపాయలు చేసింది. దేశపు విద్యుత్ వలయం నడుమ కూర్చున్న ఢిల్లీ గృహస్థు పెట్టే ఫలకం వలన ఒక్క చుక్క డీజిల్ కూడా మిగలదు. అయినా ఆయనకు లక్ష దాటింది. ఇంజను హోరు మీద బతికే దీవికి కేంద్ర పథకం కింద 85,800. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎస్.సి., ఎస్.టి. కుటుంబాలకు రెండు కిలోవాట్లు ఉచితంగా, బి.సి. కుటుంబాలకు 20,000 రూపాయలు అదనంగా ఇచ్చే కార్యక్రమం చేపట్టింది. శ్రీకాకుళంలోని బావమరిదికి వెనక ఒక రాష్ట్రం వున్నది, ఒక మంత్రివర్గం వున్నది. ఆస్టినాబాద్‌లోని బావగారికి రాష్ట్రమూ కేంద్రమూ రెండూ ఢిల్లీయే. రాష్ట్రం ఇవ్వవలసిన వాటాను కూడా అక్కడ ఢిల్లీయే ఇవ్వాలన్న సంగతిని పథకం రాసినవారు విస్మరించారు.

డబ్బు ఒక్కటే అడ్డంకి కాదు. సబ్సిడీకి సొంత కప్పు కావాలి. అద్దెకుండేవారు, ప్రభుత్వ క్వార్టర్లలో వుండేవారు ఈ పథకానికి వెలుపలే. రేకుల ఇంటి మీద బరువు మోయించాలంటే అడుగున చట్రం మార్చాలి. ఉప్పుగాలికి మామూలు ఇనుము నాలుగు వర్షాకాలాలు నిలవదు. తుపాను గాలికి తట్టుకునే బిగింపులు వేరు, వాటి ధర వేరు. ఫలకం, ఇన్వర్టరు, చివరకు మరమేకు దాకా మద్రాసు నుంచో కలకత్తా నుంచో విశాఖ నుంచో ఓడలో రావాలి. ఇన్వర్టరు చెడితే బాగుచేసేవాడు కూడా ఓడలో రావలసిన దీవులు వున్నాయి. ఈ ఖర్చులు వేటికీ 7,800 రూపాయలు సరిపోవు. కాగితం పని మాత్రం తేలికయిందని ఒప్పుకోవాలి. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రగర్భపు కేబులు వచ్చాక దరఖాస్తు ఇంటి నుంచే పంపవచ్చు. 2024 ఫిబ్రవరి నాటి నిబంధనల సవరణతో పది కిలోవాట్ల లోపు అమరికకు సాంకేతిక పరిశీలన అక్కరలేకపోయింది.

మార్గం లేదా అంటే, ప్రభుత్వం వ్రాసుకున్న కాగితాలలోనే వున్నది. 2024 డిసెంబరులో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం, గృహస్థు చేత పెట్టుబడి పెట్టించకుండా, పంపిణీ సంస్థే ఇళ్ళన్నిటినీ ఒక గుత్తగా తీసుకుని ఫలకాలు అమర్చవచ్చు. అండమాన్‌లో ఉత్పత్తి, పంపిణీ రెండూ విద్యుత్ శాఖ చేతిలోనివే. కొనని డీజిల్ డబ్బుతోనే ఆ శాఖ పేద ఇళ్ళ మీద ఫలకాలు, వాటితోపాటు వీధికొక బ్యాటరీ పెట్టవచ్చు. బ్యాటరీ లేకుండా కప్పుల మీద ఫలకాలు మాత్రమే పెంచుకుంటూ పోతే, చిన్న వలయం గనుక మధ్యాహ్నం పొంగి సాయంత్రం ఎండుతుందన్న ఇంజనీర్ల హెచ్చరిక సహేతుకమైనది. బ్యాటరీ ఖర్చును సబ్సిడీ లెక్కలో చేర్చకపోవడం ద్వీపాల విషయంలో అతి పెద్ద లోపం.

దీనికి తోడు మరొక మాట. కేంద్రపాలిత ప్రాంతాల విద్యుత్ పంపిణీని ప్రైవేటుకు అప్పగిస్తామని 2020 మే నెలలో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ప్రకటించారు. చండీగఢ్ 2025 ఫిబ్రవరిలో చేతులు మారింది. అండమాన్‌కు ఆ వంతు వస్తే, ఆస్టినాబాద్ కప్పుల మీద మిగిలే డీజిల్ ఖరీదు ఎవరి లాభం కావాలన్నది ముందుగానే ఒప్పందంలో రాసుకోవలసిన విషయం.

దీవుల విద్యుత్ ధర నిర్ణయించే సంయుక్త విద్యుత్ నియంత్రణ సంఘం కార్యాలయం గురుగ్రామ్‌లో వున్నది. నేను ఈ లేఖ వ్రాస్తున్న చోటి నుంచి గంట ప్రయాణం, ఆస్టినాబాద్ నుంచి సముద్రమూ సగం దేశమూ దాటాలి. ధర మార్చే ముందు ఆ సంఘం విద్యుత్ శాఖ పిటిషన్‌ను ప్రచురించి, ప్రజల అభ్యంతరాలు కోరుతుంది. ఆ పిటిషన్‌లో డీజిల్ కొనుగోలుకు ఎన్ని కోట్లు చూపారో ఒక పేజీలో వుంటుంది. ఇళ్ళ కప్పుల మీది సౌరశక్తి వలన అందులో ఎంత తగ్గింది, ఆ తగ్గినదానిలో గృహస్థుకు ఎంత పంచారు అన్న రెండు గడులు ఆ పేజీలో చేర్చమని అడిగే హక్కు వినియోగదారులందరికీ వున్నది. అభ్యంతరం రాతపూర్వకంగా పంపితే శాఖ జవాబు చెప్పవలసి వుంటుంది. మా పాఠకుడికి నేను ఆ మాటే వ్రాశాను.