గార వేరు, ఫ్లోరైడ్ మరక వేరు

నల్లగొండ జిల్లాలో పళ్ల రంగు ఒక్క అందానికి సంబంధించిన విషయం కాదు. మర్రిగూడ, మునుగోడు వైపు పల్లెల్లో పెళ్లిచూపులకు కూర్చున్న పిల్ల నవ్వడానికి జంకిన సందర్భాలు కొల్లలు. చిన్నతనంలో బోరునీళ్లు తాగి పెరిగినవారి పళ్లమీద గోధుమరంగు చారలు పడ్డాయి. వాటికి తోడు అందరికీ పట్టినట్టే వీరికీ గార పడుతున్నది. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటున్నారు. చిక్కంతా అక్కడే వస్తున్నది.

ఫ్లోరైడ్ మరక పంటిలోనే ఉంటుంది. దవడలో పన్ను తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ల లోపు, తాగేనీటిలో ఫ్లోరైడ్ మోతాదు మించితే పంటిమీది గట్టిపొర సరిగా ఏర్పడదు. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము, మరో దారి లేనిచోట ఒకటిన్నర మిల్లీగ్రాము దాటరాదన్నది మన దేశపు ప్రమాణం. ఈ మరక ఎంత తోమినా పోదు.

గార అట్లా కాదు. అది పైన పేరుకునేది. రోజూ పళ్లమీద చేరే పాచిని తీసివేయకపోతే లాలాజలంలోని సున్నపు లవణాలు అందులో చేరి కొద్దిరోజుల్లోనే రాయిలాగ బిగుసుకుపోతుంది. కింది ముందుపళ్ల లోపలివైపు, పై దవడపళ్ల బుగ్గవైపు ఎక్కువగా పట్టడానికి కారణం, లాలాజలం ఊరే నాళాలు అక్కడే తెరుచుకోవడం. గట్టిపడిన గార బ్రష్షుకూ రాదు, వేపపుల్లకూ రాదు.

ఈ తేడా తెలియక జరుగుతున్న నష్టం రెండు విధాలు. మరకను గార అనుకున్నవారు ఇటుకపొడి, బొగ్గు, ఉప్పు పెట్టి రుద్దుతారు. అసలే బలహీనంగా ఉన్న పైపొర అరిగిపోతుంది. మరక అట్లాగే ఉంటుంది, చన్నీళ్లు తాగితే పళ్లు జివ్వుమంటాయి. గారను మరక అనుకున్నవారి సంగతి ఇంకా అన్యాయం. 'మా ఊరి నీళ్లే అంత' అని వదిలేస్తారు. చిగుళ్లనుంచి రక్తం వస్తుంది, నోరు వాసన వేస్తుంది, పన్ను పట్టుకున్న ఎముక తరిగిపోతుంది. చాలాకాలం నొప్పి ఉండదు గనుక ఎవరూ ఆసుపత్రికి పోరు. షుగరు ఉన్నవారిలో ఈ జబ్బు మరింత ముదురుతుంది.

ఇక గార తీయిస్తే పళ్లు కదిలిపోతాయన్న భయం. దీన్ని వెక్కిరించి లాభం లేదు. తీయించుకున్న తరువాత పళ్లమధ్య సందులు కనిపించడం, కొన్నిరోజులు చన్నీళ్లు తగలనివ్వకపోవడం నిజమే. బాగా ముదిరినవారికి పన్ను ఊగినట్టు కూడా అనిపిస్తుంది. అయితే ఎముక అంతకుముందే తరిగింది. ఇన్నాళ్లూ ఆ సందులను గార కప్పి ఉంచింది, అంతే. ఈ నాలుగు ముక్కలు గార తీయకముందే డాక్టరు చెప్పి ఉంటే రోగి ఊరికిపోయి పదిమందిని బెదరగొట్టడు. ఈ విషయంలో తప్పు రోగిది కాదు.

2014-15లో జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. 2016లో మిషన్ భగీరథ ప్రారంభమైంది. మంచినీరు వచ్చినందుకు సంతోషించవలసిందే. కాని అంతకుముందే పెద్దపెరిగినవారి పళ్ల మరకలు మంచినీటితో పోవు. లేత మరకలను పైపొర కాస్త అరగదీసి తగ్గించవచ్చు. ముదురు మరకలను పంటిరంగు పూతతోనో తొడుగుతోనో కప్పవచ్చు. ఇందుకోసం మర్రిగూడ మనిషి హైదరాబాదు అఫ్జల్‌గంజ్ దంత వైద్య కళాశాలదాకా పోవాలంటే చార్జీలతోపాటు కూలి కూడా పోతుంది. గార తీయడానికి మాత్రం అంతదూరం పోవలసిన పనే లేదు.

ఫ్లోరైడ్ పీడిత మండలాల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు నెలకొకమారు దంత వైద్యుడిని పంపించాలి. బడిపిల్లల నోళ్లు చూసేటప్పుడు గార ఎవరికి ఉందో, మరక ఎవరికి ఉందో విడివిడిగా రాసుకోవాలి. పెద్దలకు అక్కడికక్కడే గార తీయాలి. డాక్టరు వచ్చే తేదీని ఆసుపత్రి గోడమీద కాక, వారం సంత జరిగేచోట రాయిస్తే నలుగురి కంటా పడుతుంది.