కారు కింద నూనె మరక

పొద్దున్నే కారు బయటికి తీస్తే నేల మీద అరచేయంత నూనె మరక. ‘పాత బండి కదా, ఆమాత్రం కారదా’ అనుకుని దానిమీద గుప్పెడు ఇసుక చల్లి వెళ్లిపోతాం. కిందటేడు మేమూ అదే చేశాం. మాది మారుతి 800. ఆ మోడల్ తయారీ 2014లోనే ఆగిపోయింది. నెల తిరక్కుండానే, పిల్లలతో ఊరెళ్తుంటే గేర్‌బాక్సు గరగరలాడటం మొదలుపెట్టింది. ఎలాగో ఇల్లు చేరాం. మెకానిక్ విప్పి చూస్తే లోపల గేరాయిల్ దాదాపు లేదు. బేరింగులు పోయాయి. ‘మరక కనపడ్డప్పుడే సీలు మార్పిస్తే వందల్లో తేలిపోయేది సార్’ అన్నాడు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఇంజిన్ ఆయిల్ ఒత్తిడి పడిపోతే డ్యాష్‌బోర్డు మీద ఎర్రదీపం వెలుగుతుంది. గేరాయిల్ తగ్గితే ఏ దీపమూ వెలగదు. నేల మీది మరకే మనకందే మొదటి హెచ్చరిక.

అది ఏ మరకో తెలుసుకోవడం కష్టమేం కాదు. రాత్రిపూట కారు ముందుభాగం కింద పాత పేపరు పరచండి. పొద్దున ఒట్టి నీళ్లు కనిపిస్తే ఏసీవి. రంగు నీళ్లయితే రేడియేటర్ కూలెంట్. నల్లగా జిడ్డుగా ఉంటే ఇంజిన్ ఆయిల్. చిక్కగా, తేనెరంగులో, గంధకంలా ఘాటు వాసన వస్తే గేరాయిల్. ఆటోమేటిక్ బండ్లలో అది ఎక్కువగా ఎర్రగా ఉంటుంది. చక్రం పక్కన పల్చటి జిడ్డు కనిపిస్తే మాత్రం బ్రేక్ ఆయిల్ కావచ్చు. బండి కదపకుండా మెకానిక్‌ను ఇంటికే పిలవండి.

గేర్‌బాక్సు నుంచి ముందుచక్రాలకు యాక్సిళ్లు వెళ్లేచోట రబ్బరు సీళ్లుంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ అవి గట్టిపడి పగులుతాయి. డ్రెయిన్ ప్లగ్గు వాషర్ అరిగినా కారుతుంది. గేర్‌బాక్సుకు గాలి ఆడే బ్రీదర్ మట్టితో మూసుకుపోతే, లోపలి ఒత్తిడికి కొత్త సీలు నుంచైనా నూనె తన్నుకొస్తుంది. కాబట్టి సీలు మార్చే రోజే దాన్నీ శుభ్రం చేయించండి. ఎక్కడ కారుతోందో తేలకపోతే మొత్తం తుడిపించి, కాసేపు నడిపి మళ్లీ చూడమనండి. తడి మొదలైన చోటే తప్పుంది.

నూనె నింపేటప్పుడు బండి చదునైన నేల మీద ఉండాలి. కారుతో ఇచ్చిన పుస్తకంలో చెప్పిన గ్రేడే పోయించాలి. ఇంట్లో మిగిలిందేదో పోసేయొద్దు. ఒట్టి జాకీ మీద నిలబెట్టిన కారు కిందికి ఎవరూ దూరొద్దు.

ఇప్పుడు మా ఇంట్లో ప్రయాణం ముందురోజు రాత్రి కారు కింద పేపరు పడాల్సిందే. చదివేశాక మీరూ ఈ పేపరును ఓ రాత్రి పరిచి చూడండి. తెల్లారేసరికి అందులో ఇంకో వార్త ఉండొచ్చు!