ప్రింటర్ల చాటున పొంచిన ముప్పు

మార్కాపురం: అడంగల్, 1బి నకళ్లు, ఆధార్ ప్రతుల కోసం మార్కాపురం, గిద్దలూరు ప్రాంత ప్రజలు మీసేవ కేంద్రాలను, ఇంటర్నెట్ దుకాణాలను ఆశ్రయిస్తుంటారు. అక్కడి కంప్యూటర్లలో ఎందరి వివరాలో మిగిలిపోతుంటాయి. అందుకే ముద్రణ సాఫ్ట్‌వేర్ 'కప్స్'లో 2024 సెప్టెంబరు 26న వెల్లడైన లోపాలను తేలికగా తీసుకోరాదు.

లినక్స్ కంప్యూటర్లలో ముద్రణ పనిని సాధారణంగా కప్స్ నిర్వహిస్తుంది. ఇటలీ పరిశోధకుడు సిమోన్ మార్గరిటెల్లి ఇందులో నాలుగు లోపాలను బయటపెట్టారు. నెట్‌వర్క్‌లో ప్రింటర్లను వెతికే 'కప్స్-బ్రౌజ్డ్' అనే భాగం, 631 పోర్టుకు వచ్చిన సందేశాన్ని ఎవరు పంపారో విచారించకుండానే నమ్మేది. దుండగుడు ఆ దారిన నకిలీ ప్రింటరును చేర్చి, దాని వివరాలలో తన ఆదేశాన్ని దాచవచ్చు. ఆ ప్రింటరుకు కాగితం పంపగానే ఆదేశం అమలవుతుంది. కంప్యూటరులోని దస్త్రాలు పరుల చేతికి చిక్కవచ్చు.

విండోస్ వాడే దుకాణాలకు ఈ బెడద లేదు. లినక్స్ వాడేవారికి, రూటరు వెనుక ఉన్నంతలో బయటి నుంచి ముప్పు తక్కువే. అయితే ఫైళ్లు పంపుకొనేందుకు ఖాతాదారులకు వైఫై సంకేతపదం ఇచ్చే చోట ప్రమాదం లోపలి నుంచే రావచ్చు.

ఉబుంటు, డెబియన్ వంటివి అప్పుడే సవరణలు విడుదల చేశాయి. అవి ఉచితమే. కానీ ఏళ్ల తరబడి నవీకరించని యంత్రాలకు వాటి ఫలం అందదు. నిర్వాహకులు వెంటనే సాఫ్ట్‌వేరును నవీకరించాలి. అవసరం లేకుంటే కప్స్-బ్రౌజ్డ్‌ను నిలిపివేయాలి. ఖాతాదారులకు వేరే వైఫై కేటాయించాలి. పైసా ఖర్చు లేని ఈ జాగ్రత్తలే రైతుల భూమి పత్రాలకు రక్ష.