సంచి మోసుకున్న రాజుగారు

2019 డిసెంబరులో స్వీడన్ రాజు పదహారవ కార్ల్ గుస్తాఫ్, రాణి సిల్వియా ఎయిర్ ఇండియా విమానంలో ఢిల్లీ వచ్చారు. రాజుగారు తన సంచులు తనే పట్టుకుని నడుస్తున్న ఫొటో దేశమంతా తిరిగింది. "మన కార్పొరేటరు కూడా ఇలా మోసుకోడు" అన్న వ్యాఖ్యతో నా ఫోనుకే నాలుగుసార్లు వచ్చింది. నిజమే, మోసుకోడు. అయినా ఆ ఫొటో చూసి కరిగిపోయినవాళ్ళతో నాకు పేచీ ఉంది. డెబ్బై మూడేళ్ళ పెద్దాయన తన సంచి తను మోసుకుంటే అది గొప్ప ఎప్పుడవుతుంది? మోయక్కర్లేని పుట్టుక పుట్టాడని మనం ముందే ఒప్పేసుకుంటే అవుతుంది.

ఈ మాట అంటే వెంటనే వచ్చే జవాబు నాకు తెలుసు. "ఆయనకి అధికారం ఎక్కడుందండీ? ఉత్తి ఉత్సవ విగ్రహం. ఎవరికేం నష్టం?" అధికారం లేదన్నమాట నూటికి నూరుపాళ్ళూ నిజం. 1971లో తోరెకోవ్ అనే ఊళ్ళో పార్టీలు కూర్చుని ఒక రాజీ కుదుర్చుకున్నాయి: రాజు ఉంటాడు, అధికారాలు ఉండవు. (మనవాళ్ళు సంస్థానాధీశుల రాజభరణాలు రద్దు చేసిందీ అదే ఏడాది. మనం తెంపేశాం, వాళ్ళు ముడి వేసుకున్నారు.) ఆ రాజీ 1974 రాజ్యాంగంలోకి ఎక్కింది. స్వీడన్‌లో ప్రధానమంత్రిని ఎంపిక చేసే పనిలో రాజుకి పాత్ర లేదు, అది స్పీకరు పని. చట్టాల మీద రాజు సంతకం కూడా అక్కర్లేదు. పక్కనున్న డెన్మార్క్, నార్వే రాజులకి ఆ లాంఛనాలైనా మిగిలాయి, ఈయనకి అవీ లేవు.

అయితే విగ్రహానికి నొప్పి తెలీదు. ఇక్కడ విగ్రహం చేసింది మనుషుల్ని. నా అభ్యంతరం అధికారం గురించి కాదు, ఆ కుర్చీకి పెట్టిన ఏకైక అర్హత గురించి.

కార్ల్ గుస్తాఫ్ 1946 ఏప్రిల్ 30న హాగా భవనంలో పుట్టాడు. ఆయనకి ముందు నలుగురు అక్కలు. ఆ నలుగురి పుట్టుకా లెక్కలోకి రాలేదు, ఎందుకంటే 1810 నాటి వారసత్వ చట్టం ప్రకారం సింహాసనం మగవాళ్ళకే. ఐదో కాన్పులో మగపిల్లాడు పుట్టాడు, వంశం నిలబడిందన్నారు. మన ఇళ్ళల్లో ఇలాంటి కథ వింటే మొహం చిట్లించుకునే మనమే, రాజభవనం అనేసరికి చందమామ కథలా చదువుతాం. మరుసటేడు జనవరి 26న తండ్రి గుస్తాఫ్ అడాల్ఫ్ కోపెన్‌హాగెన్ విమానాశ్రయంలో జరిగిన ప్రమాదంలో పోయాడు. విమానంలో ఉన్న 22 మందీ పోయారు. పిల్లాడికి తొమ్మిది నెలలైనా నిండలేదు. తండ్రి చావు సంగతి ఆ పిల్లాడికి ఏడేళ్ళు వచ్చేదాకా ఎవరూ చెప్పలేదు. సునామీలో 543 మంది స్వీడన్ వాళ్ళు చనిపోయాక, 2005 జనవరిలో తండ్రి లేని పిల్లల బాధ గురించి ఆయన చేసిన ప్రసంగం చాలామందిని కదిలించింది. నన్నూ కదిలించింది. మనిషిగా ఆయన మీద నాకే కోపమూ లేదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను.

ఇక బంధుత్వాలు. తల్లీ తండ్రీ ఇద్దరూ విక్టోరియా రాణి సంతతే. తండ్రివైపు ముత్తాత ఆర్థర్, విక్టోరియా కొడుకు, డ్యూక్ ఆఫ్ కన్నాట్. ఢిల్లీలో మనం కాఫీ తాగే కన్నాట్ ప్లేస్ ఆయన పేరు మీదే ఉంది. తల్లి సిబిల్లా తండ్రి చార్ల్స్ ఎడ్వర్డ్, విక్టోరియా మనవడు. ఇంగ్లండులో పుట్టి, జర్మనీలో సాక్సె-కోబర్గ్ డ్యూక్ అయి, చివరికి నాజీ పార్టీలో చేరి, హిట్లర్ కాలమంతా జర్మన్ రెడ్ క్రాస్‌కి అధ్యక్షత వహించినవాడు. తాత పాపాలు మనవడి నెత్తిన రుద్దకూడదంటారు. నేనూ అంటాను. మరి తాతల పుణ్యం మాత్రం కిరీటంగా ఎలా పెడుతున్నారు? లెక్క రెండువైపులా ఒకటే ఉండాలి కదా.

ఆ తాతల కథైనా మొదటి నుంచీ రాజరికమా అంటే కాదు. ఈ బెర్నడోట్ వంశానికి మూలపురుషుడు ఫ్రాన్సులో పో అనే ఊళ్ళో న్యాయవాది కొడుకు. 1780లో మామూలు సిపాయిగా సైన్యంలో చేరాడు, విప్లవం పుణ్యమా అని మార్షల్ అయ్యాడు. భార్య దెజిరే మార్సెయ్ పట్టు వ్యాపారి కూతురు, ఒకప్పుడు నెపోలియన్‌కి పెళ్ళాడతానని మాటిచ్చిన పిల్ల. 1810లో స్వీడన్ పార్లమెంటు ఓరెబ్రోలో సమావేశమై ఈ ఫ్రెంచివాడిని యువరాజుగా ఎన్నుకుంది. అవును, ఎన్నుకుంది. స్వీడిష్ భాష చచ్చేదాకా రాలేదు ఆయనకి. ఆయన ఒంటి మీద "రాజులకు మరణం" అని పచ్చబొట్టు ఉండేదని ఒక కథ, కట్టుకథే లెండి, కానీ అలాంటి కథ పుట్టడానికి తగిన జీవితం. ఆయనకి ఈ కుర్చీ పుట్టుక వల్ల రాలేదు. ఆ తర్వాత దాంట్లో కూర్చున్నవాళ్ళందరికీ మాత్రం పుట్టుక ఒక్కటే అర్హత.

అందులోంచి పుట్టినదే పెళ్ళి నిబంధన. సామాన్యుడి కూతుర్ని చేసుకున్న రాజకుమారుడు వారసత్వం, బిరుదు పోగొట్టుకునేవాడు. కార్ల్ గుస్తాఫ్ బాబాయిలు ఇద్దరు, సిగ్వార్డ్ 1934లో, కార్ల్ యోహాన్ 1946లో, అలాగే పోగొట్టుకున్నారు. పేరున్న డిజైనర్ అయిన సిగ్వార్డ్, ఆ బిరుదు కోసం మానవ హక్కుల కోర్టు దాకా వెళ్ళి, తీర్పు రాకముందే 2002లో కన్నుమూశాడు. ఇంకో బాబాయి బెర్టిల్ కథ వింటే నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది. 1943లో లండన్‌లో లిలియన్ అనే వేల్స్ అమ్మాయిని ప్రేమించాడు. అన్నగారు విమాన ప్రమాదంలో పోయారు, వారసుడు చంటిపిల్లాడు, మిగిలిన తమ్ముళ్ళు పెళ్ళిళ్ళు చేసుకుని వరుసలోంచి బయటికి పోయారు. తనూ పోతే, పిల్లాడు పెద్దవాడయ్యేలోపు ముసలి రాజుకేమన్నా అయితే పీఠం నిలబెట్టేవాడుండడు. అందుకని బెర్టిల్ పెళ్ళి మానుకున్నాడు. ముప్పై మూడేళ్ళు. లిలియన్ ఆ ఇంట్లోనే ఉంటూ, రాజలాంఛనాలు జరిగే చోట కనబడకుండా బతికింది. పిల్లలు లేరు. 1976 జూన్‌లో కార్ల్ గుస్తాఫ్ సామాన్య కుటుంబానికి చెందిన సిల్వియాని పెళ్ళాడాడు. అప్పటికే రాజు కాబట్టి ఆ నిబంధన ఆయనకి అడ్డు రాలేదు. డిసెంబరులో, అబ్బాయి అనుమతిస్తే బాబాయి పెళ్ళి జరిగింది. పెళ్ళికొడుక్కి 64, పెళ్ళికూతురికి 61. పత్రికలు దీన్ని గొప్ప ప్రేమకథ అని రాస్తాయి. నేను దీన్ని ముప్పై మూడేళ్ళ శిక్ష అంటాను. ఎవరికేం నష్టమని అడిగారు కదా, ఈ ఇద్దరికీ నష్టం.

1980 సంస్కరణ సంగతి కూడా చెప్పుకోవాలి, మన స్త్రీవాద మిత్రులు కొందరు దాన్ని చూపించి స్వీడన్‌ని మెచ్చుకుంటారు కాబట్టి. 1977లో విక్టోరియా పుట్టింది, 1979 మేలో కార్ల్ ఫిలిప్. ఆ పిల్లాడు ఏడున్నర నెలలు యువరాజుగా ఉన్నాడు. 1980 జనవరి 1న ఆడా మగా తేడా లేకుండా మొదటి సంతానానికే అని చట్టం మారింది, అక్క వారసురాలైంది. మంచిదే. రాజుగారికి మాత్రం ఇది మింగుడు పడలేదు. 2023లో ఒక డాక్యుమెంటరీలో మళ్ళీ ఆ బాధే వెళ్ళబోసుకుని, గొడవయ్యాక కూతురంటే తనకి గర్వమని వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. నా సందేహం వేరు. కోటిమంది ఉన్న దేశంలో ఒక్క ఇంటి పిల్లలకే ఉన్న హక్కుని ఆ ఇంట్లో అక్కాతమ్ముళ్ళ మధ్య సమానంగా పంచితే, దాన్ని సమానత్వం అనాలా?

ఆ పిల్లలకి దక్కని హక్కుల మాట ఎవరూ ఎత్తరు. 2000లో స్వీడన్ చర్చినీ ప్రభుత్వాన్నీ విడదీసింది. కానీ వారసత్వ చట్టం నాలుగో నిబంధన ప్రకారం రాజకుటుంబపు పిల్లల్ని ఇవాంజెలికల్ మతంలోనే, స్వీడన్‌లోనే పెంచాలి. మతం వదిలితే వారసత్వం పోతుంది. పెళ్ళికి ప్రభుత్వం అనుమతి కావాలి. వాళ్ళు ఓటు వెయ్యకపోవడం ఆచారం. ఇంకోవైపు గద్దె మీదున్న రాజు ఏం చేసినా ఆయన మీద కేసు నడపడానికి వీల్లేదని రాజ్యాంగమే చెబుతుంది. పౌరుడికి ఉండాల్సినవి లేవు, ఏ పౌరుడికీ ఉండకూడనివి ఉన్నాయి. 2019 అక్టోబరులో రాజుగారు ఐదుగురు మనవలూ మనవరాళ్ళని అధికారిక రాజకుటుంబంలోంచి తప్పించారు. పెద్దదానికి ఐదేళ్ళు, చిన్నదానికి ఏడాది. అప్పుడు కార్ల్ ఫిలిప్ దంపతులు బాధపడలేదు, పిల్లలకి ఇక జీవితంలో ఎంచుకునే స్వేచ్ఛ పెరుగుతుందని సంతోషంగా ప్రకటించారు. ఇంతకంటే సాక్ష్యం నేనెక్కణ్ణుంచి తేను?

"మరి ఎన్నికైన అధ్యక్షులు ఏం ఒరగబెట్టారు?" అని అడుగుతారు. చాలామంది ఏమీ ఒరగబెట్టలేదు. కాకపోతే వాళ్ళని దింపొచ్చు, వాళ్ళ పిల్లలు డాక్టర్లో డ్రైవర్లో కావొచ్చు. ఏటా డిసెంబరు 10న చంద్రశేఖర్, అమర్త్యసేన్, వెంకీ రామకృష్ణన్ లాంటివాళ్ళు జీవితమంతా చేసిన పనికి నోబెల్ పతకం అందుకునేది ఏ పోటీలోనూ నిలబడనక్కర్లేని మనిషి చేతుల మీదుగా. ఆ వేదిక మీద ఈ వైరుధ్యం ఎవరికీ కనబడకపోవడమే నాకు వింత. "వారసుడొచ్చాడు" అనగానే ఈలలు వేసే మన సినిమా హాళ్ళూ, రాజకీయ సభలూ గుర్తొస్తే ఆ వింత కొంత తగ్గుతుందనుకోండి.

దీన్ని మార్చడానికి స్వీడన్‌లో విప్లవం అక్కర్లేదు. మధ్యలో ఒక సాధారణ ఎన్నిక ఉండేట్టు పార్లమెంటు రెండుసార్లు ఓటేస్తే చాలు. 1980 మార్పు అలాగే వచ్చింది. విక్టోరియా కూతురు ఎస్తెల్ 2012 ఫిబ్రవరిలో పుట్టింది. 2030 సెప్టెంబరులో స్వీడన్‌లో జరగాల్సిన ఎన్నికల నాటికి ఆ పిల్లకి పద్దెనిమిది నిండి ఉంటాయి. ఆమె ఈడు వాళ్ళందరూ మొదటిసారి ఓటు వేస్తారు. ఆచారం ప్రకారం ఆమె వెయ్యదు.