హస్తవాసికి లెక్క ఉండాలా?

“ఆ డాక్టరుగారి హస్తవాసి మంచిది” అనే మాట మీరు ఇంట్లో వినే ఉంటారు. ఏ వైద్యుని దగ్గరికి వెళ్లాలో తేల్చుకోవలసి వచ్చినప్పుడు పెద్దవాళ్లు మొదట విచారించేది ఇదే. ఆ మాటను నేను ఎగతాళి చేయబోవడం లేదు. అందులో నిజం ఉంది. కాని ఆ నిజం ఎంతో కొలవకుండా వదిలేస్తే వచ్చే చిక్కు ఒకటి ఉన్నది. మూత్రపిండాల్లో రాళ్ల సంగతి తీసుకుంటే అది బాగా తెలుస్తుంది.

మీ మామయ్యకు మూత్రపిండంలో రేగిపండంత రాయి ఉన్నదనుకోండి. ఇద్దరు శస్త్రవైద్యులకు చూపించారు. పెద్ద కోత అక్కరలేదు, చిన్న రంధ్రం చేసి తీసేస్తామని ఇద్దరూ చెప్పారు. కాని ఒకరు రోగిని బోర్లా పడుకోబెట్టి చేస్తారట, మరొకరు వెల్లకిలా. ఒకరు ఎక్స్-రే తెర చూస్తూ సూది గుచ్చుతారట, మరొకరు అతిధ్వని తరంగాల సాయంతో. ఒకరు చిటికెన వేలు మందాన దారి చేస్తారు, ఇంకొకరు అందులో సగం. పని అయిన తరువాత ఒకరు ఒకటి రెండు రోజులు గొట్టం ఉంచుతారు, మరొకరు ఉంచరు. జబ్బు ఒకటే, రాయి ఒకటే. మరి ఇన్ని తేడాలెందుకు? ఇద్దరిలో ఒకరికి పని తెలియదనుకోవాలా?

తొందరపడకండి. అసలు ఈ చికిత్స ఎలా జరుగుతుందో చూద్దాం. పూర్వం పక్కటెముకల కింద జానెడు కోత కోసి రాయి తీసేవారు. 1976లో స్వీడన్ వైద్యులు ఫెర్న్‌స్ట్రోమ్, యోహాన్సన్ చర్మం నుంచి మూత్రపిండం దాకా సన్నని దారి చేసి, ఆ దారిలోనుంచే రాళ్లు తీసినట్లు ప్రకటించారు. ముందు సూది గుచ్చుతారు. సూదిలోనుంచి తీగ పంపుతారు. తీగ చుట్టూ దారిని క్రమంగా వెడల్పు చేసి, కెమెరా ఉన్న గొట్టాన్ని లోపలికి దింపి, రాయిని పగలగొట్టి ముక్కలు బయటికి తీస్తారు. ఇందులో అసలు విద్య ఆ మొదటి సూదిపోటే. గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు మూత్రపిండాలకే పోతుంది. సూది కాస్త అటూ ఇటూ అయిందంటే రక్తస్రావం. దగ్గరలోనే పెద్దపేగు, పైన ఊపిరితిత్తుల పొర.

మూత్రపిండాలు వీపు వైపున ఉంటాయి గనుక బోర్లా పడుకోబెట్టడమే సహజమని చాలామంది అనుకున్నారు. చోటు కూడా విశాలంగా దొరుకుతుంది. కాని మత్తులో ఉన్న మనిషిని బోర్లా తిప్పడం తేలిక కాదు. నలుగురు పట్టాలి. లావుపాటివారికి, గుండెజబ్బు ఉన్నవారికి బోర్లా ఉండటం వల్ల ఊపిరి ఇబ్బంది కావచ్చు. అందుకే స్పెయిన్‌లోని జరగోజాలో వాల్దివియా అనే వైద్యుడు 1980లలోనే వెల్లకిలా పద్ధతిని చేపట్టాడు. అందులో ఇంకో సుళువు ఉంది. ఒకరు పైనుంచి పని చేస్తూండగానే రెండవ వైద్యుడు కిందినుంచి, మూత్రమార్గం గుండా మరో సన్నని గొట్టం పంపి సాయపడవచ్చు. కనుక ఇద్దరి దగ్గరా కారణాలున్నాయి.

దారి వెడల్పు సంగతీ అంతే. సన్నని దారులు మొదట చిన్నపిల్లల కోసం వచ్చాయి. 2011లో మన గుజరాత్‌లోని నడియాద్ నుంచి మహేశ్ దేశాయ్ బృందం 2 మిల్లీమీటర్లు కూడా లేని, కెమెరా ఉన్న సూదితోనే చిన్న రాళ్లను పొడిచేయవచ్చని చూపింది. దారి సన్ననైతే రక్తం తక్కువ పోతుంది, నిజమే. కాని పెద్ద రాయిని అందులోనుంచి తేవాలంటే పిండి చేయాలి, సమయం పడుతుంది. లోపలికి పంపే నీరు తిరిగి రావడానికి చోటు చాలక మూత్రపిండంలో పీడనం పెరుగుతుంది. రాతిలో దాగిన సూక్ష్మజీవులు రక్తంలోకి చేరే ప్రమాదం ఉంది. సన్నని దారి అనగానే మేలైనదని మోసపోకూడదు.

రోగిని బట్టి, రాయిని బట్టి పద్ధతి మారితే నాకు అభ్యంతరం లేదు, అలా మారాలి కూడా. కాని ఎందరు వచ్చినా ఒకే వైద్యుడు ఒకే రకంగా చేస్తూ, పక్క ఊరి వైద్యుడు మరో రకంగా చేస్తూ ఉంటే ఆ తేడా రోగిది కాదు. అది వారి గురువులది. ఎవరి దగ్గర నేర్చుకుంటే వారి దారే పట్టుబడుతుంది.

ఈ తగాదా కొత్తది కాదు. 1824లో ప్యారిస్‌లో సివియాల్ అనే వైద్యుడు మూత్రాశయంలోని రాయిని కోత లేకుండా, సన్నని పరికరం లోపలికి పంపి నలిపి తీశాడు. మత్తుమందు ఇంకా రాని రోజులవి! తరువాత ఆయన యూరప్ ఆసుపత్రుల నుంచి వేల శస్త్రచికిత్సల లెక్కలు సేకరించాడు. కోత పద్ధతిలో ఇంచుమించు ఐదుగురిలో ఒకరు చనిపోయేవారు. తన పద్ధతిలో నూటికి ఇద్దరు ముగ్గురే. 1835లో సైన్స్ అకాడమీ ఈ లెక్కలను ఒక సంఘానికి అప్పగించింది. గణితవేత్త పాయిసాన్, భౌతిక శాస్త్రవేత్త డ్యూలాంగ్ అందులో సభ్యులు. వారికి ఈ లెక్కల మీద పూర్తి నమ్మకం కుదరలేదు. వైద్యుని ముందు ఉండేది గుంపు కాదు, ఒక మనిషి అన్నారు. ఆ మాటా కొట్టిపారేయదగినది కాదు. పైగా సివియాల్ పద్ధతి పెద్ద రాళ్లకు పనికిరాదు. తేలిక రోగులు ఇటు, కష్టమైనవారు అటు పోయి ఉండవచ్చు కదా!

సరిగ్గా ఇదే చిక్కు మన కాలంలోనూ వచ్చింది. 2007-2009 మధ్య పలు దేశాల్లోని 96 ఆసుపత్రులు 5,803 మంది మూత్రపిండపు రాళ్ల రోగుల వివరాలు ఒకచోట చేర్చాయి. ప్రతి ఐదుగురిలో నలుగురికి బోర్లా పడుకోబెట్టే చేశారు. రాయి పూర్తిగా పోయినది బోర్లా వారిలో నూటికి 77 మందికి, వెల్లకిలా వారిలో 70 మందికి. అయితే బోర్లాయే గెలిచిందా? ఆగండి. ఎవరిని ఏ వైపు పడుకోబెట్టాలో నిర్ణయించినది వైద్యులే. కష్టమైన రోగులే వెల్లకిలా ఎక్కువగా ఉన్నారేమో! అది తేలాలంటే చీటీలు వేసి రోగులను రెండు జట్లుగా విడదీయాలి. అలాంటి పరీక్షలూ జరిగాయి. వాటన్నిటినీ కలిపి చూస్తే, రాయి పోవడంలో రెండు భంగిమలకూ పెద్ద తేడా కనిపించలేదు.

అందువల్ల చేయి తిరిగిన పద్ధతినే వాడతానన్న వైద్యుణ్ణి నేను తప్పుపట్టను. హస్తవాసి అంటే చాలా భాగం అభ్యాసమే. నా ఫిర్యాదల్లా ఒకటే. “నా రోగులందరూ బాగానే ఉన్నారు” అని జ్ఞాపకం మీద చెప్పే వైద్యుడు సివియాల్ కంటే వెనక ఉన్నాడు. జ్ఞాపకం మంచి ఫలితాలనే దాచుకుంటుంది. మీరు పరీక్ష రాసి వచ్చి వేసుకునే మార్కుల అంచనా ఎలాంటిదో మీకు తెలియనిదా?

మామయ్యతో పాటు ఆసుపత్రికి వెళితే బోర్లానా వెల్లకిలానా అని వాదించకండి. ఈ ఏడాది ఇలాంటి రాళ్లు ఎందరికి తీశారు, ఎందరికి రాయి పూర్తిగా పోయింది, ఎందరికి రక్తం ఎక్కించవలసి వచ్చింది అని మర్యాదగా అడగమనండి. కొందరు చిరాకుపడతారు. కొందరు సొరుగులోనుంచి పుస్తకం తీసి చూపిస్తారు.