పందెం కాసిన నాయకుడు

పల్నాటి కథ వినని తెలుగువాళ్లు తక్కువ. విని, బ్రహ్మనాయుడు నిజంగా మంచి నాయకుడేనా అని ఆగి ఆలోచించినవాళ్లు ఇంకా తక్కువ. కోడిపందెంలో రాజ్యం పోగొట్టాడు. నమ్మి వచ్చినవాళ్లను ఏడేళ్లు అడవుల పాలు చేశాడు. చివరికి కారంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున కన్నకొడుకుతో సహా తనవాళ్లలో ఎక్కువమందిని యుద్ధానికి అప్పగించి, తాను మాత్రం ప్రాణాలతో మిగిలాడు. అలాంటి మనిషిని విష్ణువు అంశ అని పాడుకుంటున్నాం. భక్తి అంటే వాదించేదేమీ లేదు. నాయకత్వం అంటే మాత్రం లెక్క చూడాలి.

ముందు ఒక మాట. ఈ యుద్ధం 12వ శతాబ్ది చివరి భాగంలో జరిగిందని చరిత్రకారులు చెబుతారు. సవతి అన్నదమ్ములు నలగామరాజు, మలిదేవరాజుల ఆ పోరులో తలదూర్చిన వెలనాటి చోళులు బలం కోల్పోయారనీ, తీరాంధ్రంలోకి కాకతీయులకు దారి సుగమమైందనీ కూడా అంటారు. కానీ మనకు తెలిసిన బ్రహ్మనాయుడు శాసనాల్లోంచి వచ్చినవాడు కాదు, పాటలోంచి వచ్చినవాడు. శ్రీనాథుడి పేరున ఉన్న ద్విపదలో మనకు ప్రధానంగా దక్కింది అతని కొడుకు బాలచంద్రుడి యుద్ధఘట్టమే. దాన్ని అక్కిరాజు ఉమాకాంతంగారు 1911లో అచ్చు వేయించారు. మిగతా కథంతా వీరవిద్యావంతుల గొంతుల్లో బతికింది. కారంపూడి గాయకుడు ఆలిశెట్టి గాలెయ్య పాడిన కథను జీన్ రోఘేర్ అనే అమెరికన్ పరిశోధకుడు ఇంగ్లీషులోకి తెచ్చి 1982లో పుస్తకంగా వేశాడు. కాబట్టి నేను తూకం వేస్తున్నది కథలోని మనిషిని. కథలోని మనిషే కదా ఇవాళ్టికీ మన మీద పెత్తనం చేస్తున్నది.

అతని పక్షాన చెప్పాల్సింది చాలా ఉంది, దాన్ని తేలిగ్గా దాటేయడం అన్యాయం. మొదటిది చాపకూడు. అన్ని కులాలవాళ్లనూ ఒకే చాప దగ్గర కూర్చోబెట్టి ఒకే అన్నం తినిపించాడు. ఆ రోజుల్లో కత్తి పట్టి యుద్ధం చేయడం కన్నా కష్టమైన పని ఇది. యుద్ధంలో శత్రువు ఎదురుగా ఉంటాడు. పంక్తిలో ఎదురుతిరిగేది సొంతవాళ్లు, సొంత ఇల్లు, సొంత గుడి. మాచర్ల చెన్నకేశవుడి భక్తుడు, వెలమ దొర, రాజుల ఇంట మంత్రి. చాప పరవకపోతే అతన్ని అడిగేవాడు లేడు. పరిచినందుకు అడిగినవాళ్లు మాత్రం చాలామందే ఉండి ఉంటారు.

ఇప్పటికీ కార్తీక మాసం అమావాస్యకు కారంపూడిలో ఐదు రోజుల వీరారాధన జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని రోజుకో పేరు, కథలోని రోజుకో ఘట్టం. వీరుల ఆయుధాలే వీరులుగా ఊరేగుతాయి. ఆచారవంతులు కొణతాలనే ఆ ఆయుధాలను భుజాన వేసుకుని వస్తారు, నాగులేటిలో స్నానాలు చేయించి వీరుల గుడికి తెస్తారు. మందపోరు నాడు చాపకూడు. కులం అడగరు, కూర్చున్నవాడికి ముద్ద పెడతారు. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఈ కథను తరతరాలుగా నిలబెట్టిన వీరవిద్యావంతుల్లో ఎక్కువమంది మాలలు. ఓరుగల్లు వీధిలో పల్నాటి వీరుల పాట పాడిన దృశ్యం క్రీడాభిరామం అనే పాత వీథినాటకంలోనే ఉంది. రాజులు పోయారు, కోటలు పోయాయి. చాప దగ్గర చోటు దొరికినవాళ్లే ఆ మనిషి పేరు మోసుకొచ్చారు. ఒక నాయకుడికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఏముంటుంది?

రెండోది కన్నమదాసు. మాలవాడైన అతన్ని బ్రహ్మనాయుడు కొడుకులా చూసుకున్నాడు, సేనాధిపతిని చేశాడు. పక్కన కూర్చోబెట్టి అన్నం పెట్టడం ఒక మెట్టు, సైన్యాన్ని చేతికివ్వడం ఇంకో మెట్టు. మన కాలంలో కూడా మొదటి మెట్టు దగ్గర ఫొటో దిగి ఆగిపోయేవాళ్లే ఎక్కువ. మూడోది, యుద్ధం అయిపోయాక అతను చేసిన పని. గెలిచినవాడు గద్దె ఎక్కుతాడు. ఇతను నలగామరాజునే మళ్లీ గద్దె మీద కూర్చోబెట్టి, ఆ రాజు మంత్రి నాగమ్మను చంపకుండా వదిలి, గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడంటారు. అధికారం కోసమే ఇదంతా చేశాడని అనడానికి వీల్లేకుండా చేసుకున్నాడు.

ఇక అవతలి తక్కెడ.

కోడిపందెం దగ్గర మొదలుపెడదాం. మాచర్ల ఒక వైపు, గురజాల ఒక వైపు. మలిదేవరాజు పక్షాన బ్రహ్మనాయుడు, నలగామరాజు పక్షాన నాగమ్మ. నాయుడి కోడి చిట్టిమల్లు, నాగమ్మ కోడి శివంగిడేగ. ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం వదిలిపోవాలని ఒప్పందం. నాగమ్మ మోసంతో గెలిచిందని మాచర్ల వైపు కథ చెబుతుంది. మోసమే అనుకుందాం. అయినా అసలు ప్రశ్న అది కాదు. ఊళ్లను, పొలాలను, మందలను, పిల్లాపాపలను ఒక పుంజు కాలికి కట్టే హక్కు అతనికి ఎవరిచ్చారు? సంక్రాంతి బరిలో ఎకరం పొలం పోగొట్టుకున్నవాణ్ని ఊరంతా తిడుతుంది. రాజ్యం పోగొట్టినవాణ్ని మాత్రం విధి అని వదిలేస్తున్నాం.

దీన్ని పల్నాటి భారతం అనడం వాడుక. పోలికలు ఎత్తి చూపడం తేలికే: జూదానికి కోడిపందెం, వనవాసానికి ఏడేళ్ల వలస, కృష్ణ రాయబారానికి అలరాజు రాయబారం, అభిమన్యుడికి బాలచంద్రుడు. కానీ ఒక్కచోట పోలిక తెగిపోతుంది, అక్కడే నాకు గుచ్చుకుంటుంది. భారతంలో జూదం అయ్యాక ద్రౌపది నిండుసభలో ప్రశ్న వేస్తుంది: తనను తాను ఓడినవాడికి నన్ను ఒడ్డే హక్కు ఎక్కడిది? భీష్ముడంతటివాడు నీళ్లు నమిలాడు. పల్నాటి కథలో కోడి ఓడాక ఆ ప్రశ్న వేసినవాళ్లు నాకు కనిపించరు. మూటాముల్లె సర్దుకుని మందలు తోలుకుని వెంట నడిచారు. అంత నమ్మకం సంపాదించినవాడు గొప్ప నాయకుడని ఒకరు అనవచ్చు. అంత నమ్మకాన్ని పందెంలో పెట్టినవాడు ఎలా గొప్పవాడని నేనంటాను. చాప దగ్గర అందరూ సమానమే. పందెం కాసేటప్పుడు మాత్రం చాప చుట్టూ కూర్చున్న ఒక్కణ్నీ అడగలేదు.

ఆ సమానత్వానికీ ఒక హద్దు ఉందని కథే చెబుతుంది. బాలచంద్రుడికి తోడబుట్టినవాళ్లలాంటి నేస్తాలున్నారు: బ్రాహ్మణుడు, వెలమ, కమ్మరి, కంసాలి, కుమ్మరి, చాకలి, మంగలి. అందరూ కలిసి యుద్ధానికి బయల్దేరారు. దారిలో బాలచంద్రుడికి భయం పట్టుకుంది, బ్రాహ్మణుడైన అనపోతు యుద్ధంలో చస్తే ఆ పాపం తనకు చుట్టుకుంటుందని. మరచిపోయిన హారం తెమ్మని నెపం పెట్టి వెనక్కి పంపాడు. తిరిగివచ్చిన అనపోతుకు నేస్తాలు లేరు, ఉత్తరం ఉంది. అది చదివి అక్కడికక్కడే ప్రాణం తీసుకున్నాడు. కథకులు దీన్ని స్నేహానికి పరాకాష్ఠగా పాడతారు. నాకు మాత్రం ఇంకోటి వినిపిస్తుంది. మంగలి చస్తే, కుమ్మరి చస్తే పాపం లేదా? ఒకే అన్నం తిన్నవాళ్ల చావులకు వేరువేరు తూకాలున్నాయని ఆ కుర్రవాడికి చిన్నప్పటి నుంచే తెలుసు. తండ్రి పరిచిన చాప కొడుకు బుర్రలోకి పూర్తిగా పోలేదు.

నాగమ్మ మాట ఎత్తకుండా ఈ లెక్క పూర్తి కాదు. భర్త లేని రెడ్డి ఆడపడుచు, జిట్టగామాలపాడులో ఉంటూ, ఆ దారిన వచ్చిన రాజుకు ఆతిథ్యమిచ్చి మాట పుచ్చుకుంది. ఏడు ఘడియల మంత్రిత్వం అడిగి, దాన్ని జీవితకాలానికి సాగదీసింది. ఆమె చేతుల్లో మచ్చ లేదని ఎవరూ అనరు. రాయబారానికి వచ్చిన అలరాజును విషం పెట్టి చంపించిన నింద ఆమెదే. రాయబారిని చంపడం ఏ కాలంలోనూ ఒప్పు కాదు. అయితే ఆ కథ పాడింది మాచర్ల వీరుల గుడి ముందు. గురజాల పక్షాన ఎవరైనా ఇలాగే పాడి ఉంటే బ్రహ్మనాయుడు రాజు మీద పెత్తనం వెలగబెట్టి, ఇంట్లో చిచ్చు పెట్టి, సవతి తమ్ముళ్లను విడదీసిన మంత్రిగా మనకు అందేవాడు. వంశం, బంధుబలం, దేవుడి అంశ అన్న పేరు అతనికి పుట్టుకతో వచ్చాయి. నాగమ్మకు బుర్ర ఒక్కటే ఉంది. మాలపల్లి రాసిన ఉన్నవ లక్ష్మీనారాయణగారు నాటకం రాయడానికి కూర్చున్నప్పుడు ఆమెనే ఎంచుకుని, దానికి నాయకురాలు అని పేరు పెట్టారు. ఊరికే పెట్టలేదు.

ఇలా తూచడం అన్యాయమని ఎవరైనా అడ్డు పడవచ్చు. ఆ కాలం దొరను ఈ కాలం ప్రజాస్వామ్యంతో కొలవడమేమిటి, రాజులు ఎవరి అనుమతి అడిగారు అని. ఈ మాటలో పస ఉంది. కానీ నేను వాడుతున్న కొలబద్ద బయటి నుంచి తెచ్చింది కాదు, ఆ కథలోదే. పల్నాటి కథలో ఎదురుచెప్పేవాళ్లు అడుగడుగునా ఉన్నారు. బొంగరాలాడుతుంటే కాలికి దెబ్బ తగిలిన అన్నమ్మ, అవతల మీవాళ్లు యుద్ధంలో ఉంటే నీకు ఆటలేమిటని బాలచంద్రుణ్ని దులిపేసింది. తనను పట్టించుకోకుండా సానివాడలో తిరిగిన మగణ్ని బాలచంద్రుడి భార్య మాంచాల నిలదీసింది, ఆ తర్వాతే కత్తి చేతికిచ్చింది. సామాన్యురాలు దొరబిడ్డను తిట్టగలిగిన కథలో, కోడిపందెం ముందు నాయుణ్ని ఎవరూ ఆపకపోవడం కథకుడి మరపు అనుకోను. పెద్దాయన మీద ఉన్న భయభక్తులు నోరు నొక్కేశాయి.

ఎదురుచెప్పే హక్కు ఉంటే అంతా బాగుపడేదా అంటే, అదీ చెప్పలేను. యుద్ధరంగం దగ్గర బ్రహ్మనాయుడు సంధికి మొగ్గాడు. వద్దు పొమ్మన్నది బాలచంద్రుడే. అలరాజు శవం, అవమానం, ఏడేళ్ల అడవి ఇవన్నీ మరిచి సంధేమిటని ఆ కుర్రవాడు రెచ్చిపోయాడు. పెద్దవాడు వివేకం చూపించిన చోట చిన్నవాడు కాదన్నాడు, ఆ కాదనడమే ఊచకోతకు దారి తీసింది. మనం మాత్రం బొమ్మ కట్టించుకున్నది బాలచంద్రుడికి. సినిమాలూ అంతే. గూడవల్లి రామబ్రహ్మం మొదలుపెట్టి, ఆయన పోయాక ఎల్వీ ప్రసాద్ పూర్తిచేసిన 1947 నాటి పల్నాటి యుద్ధంలో అక్కినేని బాలచంద్రుడు. ఆ కుర్రవాడి వీరావేశం మీద చప్పట్లు మోగాయి. మాలపిల్ల తీసిన రామబ్రహ్మాన్ని ఈ కథ వైపు లాగింది చాపకూడే అయి ఉంటుందని నా ఊహ. 1966లో మళ్లీ తీసినప్పుడు ఎన్టీ రామారావు బ్రహ్మనాయుడు, భానుమతి నాగమ్మ. ఆవిడ నాగమ్మను చూశాక ఊరికే విలన్ అనేసి లేచి రావడం కష్టం.

సంధికి మొగ్గిన ఆ ఒక్క క్షణమే బ్రహ్మనాయుడి నాయకత్వంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపిస్తుంది. పౌరుషం ఉన్న నేల మీద తగ్గుదామని అనడానికి ధైర్యం కావాలి. కానీ అప్పటికి ఆలస్యమైపోయింది. పందెం నాడు తగ్గి ఉంటే అలరాజు బతికేవాడు, కొడుకు బతికేవాడు. యుద్ధం ముంగిట వచ్చిన శాంతికాంక్ష ఖరీదు ఎప్పుడూ వెంట నడిచినవాళ్లే కడతారు. గుత్తికొండ బిలంలోకి పోయినవాడి త్యాగాన్ని నేను తక్కువ చేయను. అయితే బిలంలోకి పోవడానికి అతనికి ప్రాణం మిగిలింది, పాటలో చెప్పే అరవై ఆరుగురు వీరనాయకులకు ఆ వీలు దొరకలేదు.

ఇవాళ పల్నాడు పేరుతో ఒక జిల్లా ఉంది, 2022 నుంచి. మైకు దొరికిన ప్రతి నాయకుడూ పల్నాటి పౌరుషం అంటాడు. అదేమో కోడిపందెం నాటి పౌరుషం. చాపకూడు నాటి పౌరుషం మాట ఎవరూ ఎత్తరు, ఎందుకంటే దానికి సొంతవాళ్లతోనే గొడవపడాలి.

నా తీర్పు ఇది. సంఘాన్ని కట్టినవాడిగా బ్రహ్మనాయుడు మన వీరగాథల్లో ఎవరికీ తీసిపోడు, చాలామంది రాజులకన్నా ఒక మెట్టు పైన నిలుస్తాడు. ఆ సంఘాన్ని ఖర్చుపెట్టిన తీరులో మాత్రం నాగమ్మకన్నా మెరుగైనవాడేమీ కాడు. పైగా తప్పు అతనిదే ఎక్కువ, ఎందుకంటే ఆమెను నమ్మి చచ్చినవాళ్లు రాజాజ్ఞకు చచ్చారు, ఇతణ్ని నమ్మి చచ్చినవాళ్లు తన చేతి అన్నం తిన్నవాళ్లు. కారంపూడి వెళ్లేవాళ్లు మందపోరు నాడు చాప దగ్గర కూర్చుని, మర్నాడు కోడిపోరు చూడకుండా తిరిగి రావద్దు. రెండూ ఒకే మనిషి చేసిన పనులు.