వీర్యమూ వీరత్వమూ

సిద్దిపేటలో ఏ గోడ చూసినా పోయిన 'మగతనం' తెప్పిస్తామనే ప్రకటనలే. శుక్రానికీ శౌర్యానికీ కలిపి 'వీర్యం' అని పేరు పెట్టుకున్న సంస్కృతి మరి! వేసెక్టమీ అనగానే 'బరువులెత్తలేడు, సంసారానికి పనికిరాడు' అంటారు. ముందుగా అనేది అత్తగార్లే, అది వేరే బాధ. వృషణాల్లో తయారయ్యే హార్మోను నేరుగా రక్తంలో కలుస్తుంది. కత్తిరించేది చర్మం కింద చేతికి తగిలే శుక్రవాహికల్ని మాత్రమే. 1974లోనే చైనా వైద్యుడు లీ షున్‌చియాంగ్ కుట్లు అక్కర్లేని పద్ధతి కనిపెట్టాడు. అయినా కడుపు కోయించుకునేది మనమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, దేశంలోని వివాహిత స్త్రీలలో 37.9 శాతం ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు. భర్త చేయించుకున్నది 0.3 శాతానికే. ఎమర్జెన్సీ భయం ఇంకా పోలేదంటారు. 1976-77 నాటి బలవంతం ఘోరమే, కాదనను. మరి 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు ఆపరేషన్ చేయించుకున్న 34 మందిలో నలుగురు చనిపోయారే, ఆ భయం ఎవరికి పట్టింది?